కాలికి తెలిసే బండి

ఫిబ్రవరి 6

ఒరేయ్ కందిరీగా,

నీ ఉత్తరం అందింది. అంత చదువు చదివావు గానీ నీ చేతిరాత మాత్రం ఇంకా మూడో తరగతి దాటలేదు. ఒక్కో ముక్క పట్టుకుని మీ బావా నేనూ పంచాయితీ పెట్టుకోవాల్సి వచ్చింది.

ఫోను ఎత్తడం లేదని నిష్ఠూరమాడావు. నాకు తీరిక ఎక్కడ ఏడ్చింది? బస్సు దిగేసరికి ఒళ్లు హూనమైపోతుంది. మీ బావ ఎత్తి నీతో కబుర్లు చెబుతూనే ఉన్నాడు కదా, చాల్లే. ఉత్తరమైతే నాకు నచ్చినన్నిసార్లు చదువుకుంటాను. ఫోనులో మాట ఇట్టే గాలికి పోతుంది. రాయడానికి బద్ధకమైతే ఆ ముక్క చెప్పు.

ఇక్కడ ఓ వింత జరిగింది. మా డిపోకి చూపించడానికని ఒక కరెంటు బస్సు తెచ్చారు. గేర్లు లేవు, క్లచ్చి లేదు. కొత్త పెళ్లికూతురిలా నిగనిగలాడుతూ నిలబడింది. డ్రైవర్లందర్నీ ఒక్కొక్కరిగా ఎక్కించి నడపమన్నారు. నేను ఎక్కి కూర్చుని, ఇంకా స్టార్టు కాలేదేమా అని చూస్తుంటే, నేర్పడానికి వచ్చినాయన నా భుజం తట్టి 'కదులుతోందమ్మా, ముందుకు చూడండి' అన్నాడు. ఇదేం బండిరా బాబూ! దానికి ప్రాణమే లేదు. నా పాత బండి పొద్దున్నే స్టార్టు చేయగానే అరికాలి నుంచి నడినెత్తి దాకా పలకరిస్తుంది.

ఏ డిపోకి ముందు ఈ బస్సులు ఇవ్వాలో, ఊళ్లల్లో పొగ తగ్గించే మీ ఆఫీసువాళ్లే చెబుతారట కదా. మా డిపోకి ఆఖరున పంపించమని చెప్పు. నేను రిటైరయ్యాక వచ్చినా నాకేం అభ్యంతరం లేదు.

నా దగ్గు గురించి అడగకు. అది బాగానే ఉంది, నేనే బాగాలేను.

నీ అక్క

ఫిబ్రవరి 15

అక్కా,

నీ ఉత్తరం చదువుతూ పగలబడి నవ్వాను. ఆఖరికి వచ్చేసరికి నాలిక్కరుచుకున్నాను. కొంప మునిగింది. మీ డిపోకే ముందు ఇవ్వాలని రాసి పంపింది నేనే. నీకు ముందే చెప్పకుండా ఒక్కసారిగా సంతోషపెడదామనుకున్నాను.

నిజం చెబుతాను. ఏ డిపోలో బస్సులు మార్చితే ఎంత పొగ తగ్గుతుందో లెక్కలు కట్టాం. మీ డిపోకి గోడవతలే బడి ఉంది. తెల్లారగానే అన్ని బస్సులూ ఒక్కసారి స్టార్టు చేస్తే పొగంతా పిల్లల గదుల్లోకే పోతుంది. మిగతా వాళ్లకి చెప్పిన కారణం అది. నా మనసులో ఉన్న కారణం నీ దగ్గు. అమ్మ పోయాక నన్ను పెంచింది నువ్వు. నువ్వు డ్యూటీ దిగి ఇంట్లోకి వస్తే డీజిలు వాసన వచ్చేది. ఆ వాసన వస్తే ఇక అన్నం పెడతావని నాకు ఆకలి మొదలయ్యేది. ఆ ఇంజను నీ మోకాలి పక్కనే కూర్చుని ఇన్నేళ్లుగా నీ ఊపిరితిత్తుల్లోకి ఏం ఊదుతోందో అప్పుడు నాకు తెలియదు.

నేనున్న ఊరి సంగతి చెబితే నీకు కడుపు చల్లబడుతుంది. ఇక్కడ తడి చెత్తతో గ్యాసు తయారుచేసి, ఆ గ్యాసుతోనే చెత్త లారీలు నడపాలని మా పని. అందుకోసం ఒక వీధిలో ఇల్లిల్లూ తిరిగి, తడిదీ పొడిదీ విడిగా పెట్టమని కాళ్లావేళ్లా పడ్డాను. ఒక ముసలావిడైతే పాల ప్యాకెట్లు కూడా కడిగి తీగ మీద ఆరేసి ఇచ్చింది. తీరా లారీ వచ్చి, అందరి కళ్లెదుటే రెండు బుట్టలూ ఒకే గుట్టలో గుమ్మరించి పోయింది! వీధి వీధంతా నా మీద ఒంటికాలి మీద లేచింది. పాల ప్యాకెట్ల ముసలావిడ మాత్రం ఒక్క మాటా అనకుండా తలుపు వేసుకుంది. అదే ఎక్కువ గుచ్చుకుంది.

నిన్న మళ్లీ ఫోను చేశాను. ఎత్తి, 'ఎవరూ? ఎవరూ?' అని పెట్టేశావు. నా మీద కోపమా?

నీ తమ్ముడు

ఫిబ్రవరి 24

ఒరేయ్,

ఈసారి కందిరీగ అని పిలవబుద్ధి కావడం లేదు.

నిన్నెవరడిగారు? నా దగ్గు నాది, నా డిపో నాది. ఇక్కడ తోటి డ్రైవర్లు ఏమంటున్నారో తెలుసా? 'మీ తమ్ముడు మంచి పని చేశాడు, వయసు మళ్లిన వాళ్లని ఏరి పక్కన పెట్టడానికి ఇదే దారి' అంటున్నారు. ముందు వాళ్ల మాట కొట్టిపారేశాను. తరవాత నాకే అనుమానం వచ్చింది. అక్క ముసలిదైపోయింది, గౌరవంగా దింపేద్దాం అనుకున్నావా? అలాగైతే నా మొహం మీదే చెప్పు. దగ్గు పేరు చెప్పి తియ్యగా మాట్లాడకు.

కొత్త బస్సు మీద మాకు శిక్షణ మొదలైంది. వెనక్కి తీసేటప్పుడు ఏదైనా అడ్డమొస్తే అది కూత పెడుతుందట. పెట్టిందట. నేను ఆగలేదు. నీళ్ల డ్రమ్ముకి గుద్దాను. నీళ్లన్నీ నేలపాలు, నా పరువూ నేలపాలు. పిచ్చుకపిల్ల కూసినట్టు కూస్తే ఎవడికి వినిపిస్తుంది? చేతికి స్టీరింగు వచ్చిన రోజు నుంచి నేను ఒక్క దెబ్బ తగలనివ్వలేదు. చెట్టు కొమ్మ గీరినా డిపోలో తలెత్తుకోలేకపోయేదాన్ని. అలాంటిది అంతమంది ముందు డ్రమ్ముకి గుద్దాను.

శిక్షణలో పాసైతేనే కొత్త బస్సు ఇస్తారు. పాసవకపోతే స్టీరింగు ఉండదు. పాత బస్సులన్నీ తీసుకుపోతారట. నువ్వు చేసిన సహాయం ఇది.

నీ వీధివాళ్లు నిన్ను తిట్టారన్న ముక్క మాత్రం ఇంకోసారి చదువుకున్నాను. బాగుంది.

అక్క

మార్చి 4

అక్కా,

నువ్వు ముసలిదానివని నేనెప్పుడన్నాను? నా నోటి నుంచి ఆ మాట వచ్చిందని కలగన్నావా? నీ ఉత్తరం పట్టుకుని ఆఫీసులో ముఖం ఎక్కడ దాచుకోవాలో తెలియక మేడ మీదకి పోయి కూర్చున్నాను.

ఫోను చేస్తే ఎత్తవు. ఎత్తినా పెట్టేస్తావు. బావని అడిగితే 'మీ అక్కకి మనసు బాగాలేదు, ఉత్తరం రాయి' అంటాడు. ఆయన గొంతులో ఏదో నసుగుడు. మీ ఇద్దరూ కలిసి నా దగ్గర ఏదో దాస్తున్నారు.

చేతులు కట్టుకుని కూర్చోలేక ఒక పని చేశాను. మీ డిపో మేనేజరుకి రాశాను. మా అక్క పాతకాలపు డ్రైవరు, కొత్త బండికి అలవాటు పడడానికి కాస్త సమయం పడుతుంది, ఓపికగా ఇంకొన్ని రోజులు నేర్పించండి అని. ఆయన మంచివాడిలాగే ఉన్నాడు, తప్పకుండా అని జవాబిచ్చాడు.

ఇక్కడ లారీకి మధ్యలో అడ్డంగా చెక్క బిగించాం, ఇటు తడి, అటు పొడి. వీధివాళ్లని పిలిచి లారీ ఎక్కి చూడమన్నాను. పాల ప్యాకెట్ల ముసలావిడ నిజంగానే ఎక్కింది. దింపడానికి ముగ్గురం పట్టాల్సి వచ్చింది.

కోపం పోయిందా? పోకపోయినా నాలుగు ముక్కలు రాయి.

నీ తమ్ముడు

మార్చి 13

ఒరేయ్ నాన్నా,

ఈ ఉత్తరం మీ బావకి కూడా చూపించకుండా రాస్తున్నాను. చదివి చింపెయ్యి.

మేనేజరు నన్ను గదిలోకి పిలిచి, కుర్చీ వేయించి, చంటిపిల్లకి చెప్పినట్టు ఏదో చెప్పాడు. ఆయన మూతికి మీసాలు అడ్డం. అందిన సగం మాటలూ అతికించుకుంటే అర్థమైంది, నా తరఫున నువ్వు బతిమాలావని. నాకు తల కొట్టేసినట్టయింది. అరిచి బయటికి వచ్చాను. ఎంత గట్టిగా అరిచానో నాకే తెలియదు. అందరూ ఇటే చూస్తున్నారు.

నాకు చెవులు వినపడడం లేదురా.

ఒక్కసారిగా కాదు. నెమ్మదిగా పోయాయి. ముందు గడియారం టిక్కుటిక్కులు పోయాయి. తరవాత పక్కింటి వాళ్ల మాటలు పోయాయి, పోతే పోయాయిలే అనుకున్నాను. ఇప్పుడు ఎదురుగా నిలబడి పెదాలు కదిపితే గానీ నాకు మాట అందదు. ఫోను చెవికి పెట్టుకుంటే గొట్టంలో నీళ్లు పోతున్నట్టు ఉంటుంది. అందులో నా తమ్ముడు ఎక్కడున్నాడో వెతుక్కోలేక పెట్టేస్తున్నాను. నీ మీద కోపమేంటి పిచ్చివాడా! మీ బావకి తెలుసు. నీకు చెప్పనని ఒట్టు వేయించుకున్నాను.

మరి బస్సెలా నడుపుతున్నావని అడుగుతావు. కాలితో నడుపుతున్నాను. పాత బండికి అంతా వణుకులోనే ఉంటుంది. గేరు ఎప్పుడు మార్చాలో అరికాలికి తెలుస్తుంది. ఇంజను వేడెక్కితే సీటులో తెలుస్తుంది. నా కండక్టరు ఏనాటి నుంచో నాతోనే ఉన్నాడు, ఆయన రైట్ అని అరవడు. రేకు మీద అరచేత్తో రెండు దెబ్బలు కొడతాడు. ఆ దెబ్బ నా వీపుకి తగులుతుంది. ఒక దెబ్బంటే ఆగమని. మేమిద్దరం దీని గురించి ఒక్కనాడూ మాట్లాడుకోలేదు, దానంతట అదే అలా కుదిరిపోయింది. కళ్లు నావి బంగారం. అద్దాల్లో అంతా కనిపిస్తుంది. హారన్లంటావా, ఈ ఊళ్లో అవి వినడానికి కొడతారా ఎవరైనా!

కొత్త బస్సు నా కాలికి ఏమీ చెప్పదురా. అదీ సంగతి. దాంట్లో కూర్చుంటే నాకు చెవులు లేవని నాకే బయటపడుతుంది. రేపు పైవాళ్లకీ బయటపడుతుంది.

ఎవరికీ చెప్పకు. స్టీరింగు పోతే నేను ఏం చేయాలో నాకు తెలియదు.

నీ అక్క

మార్చి 19

అక్కా,

నీ ఉత్తరం చింపలేదు. చింపలేను.

నీకు ప్రేమగా ఇవ్వబోయింది నీ చేతిలో ఉన్నదాన్నే లాగేసిందని తెలిశాక అన్నం సహించడం లేదు. ఒక్క మాట ముందుగా అడిగి ఉంటే పోయేదానికి, పెద్ద మొనగాడిలా లెక్కలు కట్టాను. నువ్వు పెంచిన వాణ్ని, నీకు చెవులు వినపడడం లేదని ఇంతకాలం కనిపెట్టలేకపోయాను. వచ్చినప్పుడల్లా టీవీ అంత గట్టిగా పెడుతున్నావేంటని నిన్ను విసుక్కున్నాను కూడా.

డాక్టరుకి చూపించుకో. ఇది మాత్రం నా మాట కాదనకు.

ఇంకో సంగతి. తుది జాబితా మీద ఇంకా సంతకం కాలేదు. మీ డిపోలో కరెంటు లైను చాలదు, ట్రాన్స్‌ఫార్మరు మార్చాలి, కాబట్టి వేరే డిపోతో మొదలుపెడదాం అని నేను రాస్తే ఎవరూ కాదనరు. మీ డిపో వంతు రావడానికి రెండేళ్లు పట్టవచ్చు. అప్పటిదాకా నీ బండి నీ దగ్గరే ఉంటుంది. నువ్వు ఊ అంటే రాసేస్తాను.

నీ తమ్ముడు

మార్చి 26

ఒరేయ్ నా కందిరీగా,

ఊ.

రాసెయ్యి. ఇంతకన్నా ఏం రాయాలో తోచడం లేదు. పొద్దున బండి ఎక్కి స్టీరింగు మీద చెయ్యి వేసి కాసేపు ఊరికే కూర్చున్నాను. కండక్టరు వచ్చి నా మొహం చూసి ఏంటన్నట్టు చెయ్యి తిప్పాడు. ఏం లేదన్నాను. ఆయన కూతురికి పురుడొచ్చే రోజులట, సెలవు పెట్టి వెళ్తున్నాడు. పాప పుడితే బాగుండునని మొక్కుకుంటున్నాడు, ఇద్దరు మగపిల్లలతో పడలేకపోతున్నారట.

రెండేళ్లు చాలురా. బతికించావు.

నీ అక్క

ఏప్రిల్ 5

అక్కా,

పని అయిపోయింది. కాగితం పంపేశాను. మా పెద్దాయన 'ట్రాన్స్‌ఫార్మరు సంగతి మొదటే చూశామన్నావు కదయ్యా' అని కళ్లజోడు పైనుంచి చూశాడు. మళ్లీ చూస్తే తేడా వచ్చిందండీ అన్నాను. ఆయన నన్ను నమ్మాడు. నమ్మకపోతే బాగుండేది.

నేనూ ఆ లారీవాడి పనే చేశాను అనిపించింది. జనం చేత బుట్టలు విడివిడిగా పెట్టించి, చివర్లో అన్నీ ఒకే గుట్టలో గుమ్మరించాను. అయినా ఇంకోసారి అడిగితే ఇంకోసారి రాస్తాను. నువ్వు నిశ్చింతగా ఉండు.

డాక్టరు దగ్గరికి వెళ్లావా? వెళ్లలేదు కదూ. నాకు తెలుసు.

నీ తమ్ముడు

ఏప్రిల్ 7

ఒరేయ్ నాన్నా,

ఆ కాగితం ఇంకా పంపకపోతే పంపకు. పంపి ఉంటే కాళ్లు పట్టుకునైనా వెనక్కి తీసుకో. 

నిన్న నా కండక్టరు సెలవులో ఉంటే ఇంకొకర్ని వేశారు. మంచివాడే. ఆయన రేకు మీద కొట్టడు, నోటితో అరుస్తాడు. అందరు కండక్టర్లూ చేసేది అదే కదా, తప్పేముంది. ఒక స్టాపులో జనం దిగారు. అద్దంలో చూశాను, దారి ఖాళీ. కదిలించాను. ఒక తల్లి దిగింది, చెయ్యి పట్టుకున్న పాప ఇంకా ఆఖరి మెట్టు మీదే ఉంది. అద్దానికి అందనంత చిన్న పిల్ల. తల్లి అరిచింది. కండక్టరు అరిచాడు. బస్సులో ఉన్న ప్రతి మనిషీ అరిచాడట. నేను గేరు మార్చాను.

ఎవరో పరిగెత్తుకొచ్చి నా భుజం కుదిపితే అప్పుడు బ్రేకు తొక్కాను.

పాపకి ఏమీ కాలేదు. ముందు అది చదువు, తరవాత మిగతాది చదువు. తల్లి ఈలోపే లాగేసుకుంది. వెనక చక్రం కింద పాప చెప్పు ఒకటి నలిగింది. నా బొటనవేలంత లేదు. ఆ తల్లి నన్ను తిడుతుందని దిగి నిలబడ్డాను. నా మొహం చూసి ఆవిడే నా చెయ్యి పట్టుకుని, నెమ్మదిగా పెదాలు కదుపుతూ 'ఏం కాలేదులే అమ్మా' అంది. ఆవిడ నా చెంప మీద ఒక్కటి కొట్టి ఉంటే నాకు ప్రాణం హాయిగా ఉండేది.

బస్సు అక్కడే ఆపేసి ఇంకో డ్రైవర్ని పిలిపించాను. డిపోకి నడిచి వెళ్లాను. మేనేజరు ఎదుట నిలబడి, నాకు చెవులు లేవండీ, ఇన్నాళ్లూ దాచాను, ఇక నన్ను ఎక్కించకండి అని చెప్పాను. నోరు పెగలదనుకున్నాను, గడగడా వచ్చేసింది.

నా కాలికి అన్నీ తెలుసనుకున్నానురా. ఆ పిల్ల బరువు కాలికి తెలియలేదు. నువ్వు నాకు రెండేళ్లు ఇప్పించావు. ఆ రెండేళ్లలో ఇంకెంతమంది పిల్లలు మెట్టు మీద నిలబడి ఉండేవారో! బడి గోడకి అవతల కొత్త బస్సులే రానీ. నా కోసం ఆపకు.

అక్క

ఏప్రిల్ 14

అక్కా,

మన ఉత్తరాలు దారిలో ఒకదాన్ని ఒకటి దాటి వెళ్లాయి. నీది చదవగానే పెద్దాయన గదిలోకి వెళ్లాను. ట్రాన్స్‌ఫార్మరు బాగానే ఉందండీ, అబద్ధం రాశాను, మా అక్క కోసం రాశాను అని చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. తరవాత ఆ కాగితం నా చేతికే ఇచ్చి, 'ఇక మీ ఊరి పని నువ్వు చూడొద్దు, ఇంకొకరు చూస్తారు' అన్నాడు. అంతే. నాకు అంతకన్నా పెద్ద శిక్షే పడాల్సింది. బస్సులు మాత్రం మీ డిపోకే ముందు వస్తాయి.

అక్కా, నాకు నిన్నెలా ఓదార్చాలో తెలియడం లేదు. నిన్ను ఓదార్చడం నాకెవరూ నేర్పలేదు, ఎప్పుడూ నువ్వే ఓదార్చావు. నీ స్టీరింగు నా వల్లే పోయిందని నాకు ఒక పక్క, ఆ పాప బతికిందని ఇంకో పక్క. రెండూ కలిపి ఏడ్చాను. నువ్వు ఒక్క మాట తిట్టు, తేలికపడతాను.

సెలవు దొరకగానే వస్తున్నాను. డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్తాను.

నీ తమ్ముడు

జూలై 2

ఒరేయ్ కందిరీగా,

నువ్వు వచ్చి వెళ్లాక ఇల్లు బోసిపోయింది. మీ బావ రెండు రోజులు నీ మంచం ఎత్తకుండా అలాగే ఉంచాడు.

తిట్టమన్నావు, ఎదురుగా ఉన్నప్పుడు మర్చిపోయాను. ఇప్పుడు తిడుతున్నాను. నా స్టీరింగు నువ్వు తీసుకోలేదురా వెధవా. నేనే దిగాను. అది కూడా నీ ఖాతాలో రాసుకోకు. నా బతుకులో నేను చేసిన మంచి పనుల్లో అదొకటి, నాకే ఉండనీ.

డాక్టరు నీకు చెప్పిందే నాకు మళ్లీ కాగితం మీద రాసి చూపించాడు. అంతకాలం ఇంజను పక్కన కూర్చుంటే చెవులు పోక ఏం చేస్తాయమ్మా అని. చూశావా దాని విశ్వాసం! చెవి మిషను వచ్చింది. కుడి చెవికి బాగా పనిచేస్తోంది, ఎడమది మొండికేసింది. రెండూ వినపడితే గానీ బస్సు ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. ఇప్పుడు నాకు బస్సులకి చార్జింగు పెట్టే షెడ్డులో డ్యూటీ. నచ్చిందా అని అడగకు. నచ్చలేదు. రోజంతా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

నిన్న మా డిపో నుంచి కొత్త బస్సులు మొదలయ్యాయి. పాత బండ్లని అంతకు ముందురోజే తోలుకుపోయారు. నా బండి వెళ్లేటప్పుడు నేను షెడ్డులోనే ఉన్నాను, బయటికి రాలేదు. డ్యూటీ అయ్యాక ఇంటికి కొత్త బస్సే ఎక్కాను. డ్రైవరుగా కాకుండా బస్సెక్కడం నాకు ఏనాటి మాటో. నా రూటు మీద నడిపేది కొత్తగా వచ్చిన ఒక అమ్మాయి. అది ఒకప్పుడు నా రూటని దానికి తెలుసు. నేను ఆ పిల్ల వెనక సీట్లోనే కూర్చున్నాను. అది మలుపు తిప్పిన ప్రతిసారీ నా చేతులు తిరిగాయి. అది బ్రేకు తొక్కడానికి ముందే నా కాలు నేలని తొక్కింది. పక్కనావిడ నాకేదో జబ్బనుకుని కొంచెం జరిగి కూర్చుంది.

బస్సు నిజంగానే చప్పుడు చేయలేదురా. ఏడుపు తన్నుకొచ్చింది, బయట చూస్తూ ఆపుకున్నాను.

మన స్టాపు వచ్చింది. దిగబోతుంటే ఆ అమ్మాయి వెనక్కి తిరగలేదు, పెదాలు చూపించలేదు, అద్దంలో మెట్ల వైపే చూస్తూ, తనలో తను అనుకున్నంత మెల్లగా, 'అక్కా, సరిగ్గా నడిపానా?' అంది.

'ఏంటమ్మా?' అన్నాను.

వినపడక కాదురా. ఇంకోసారి విందామని.

నీ అక్క